ఒకే ఒక్క వేరియంట్: సెరిబ్రల్ పాల్సీ అనుకున్న ఏపీ-4 లోపం కేసు

ఈ పాప ఫైలులో ‘సెరిబ్రల్ పాల్సీ, స్పాస్టిక్ డైప్లీజియా’ (మెదడు గాయం వల్ల ముఖ్యంగా కాళ్ళు బిగుసుకుపోయే స్థితి) అని మూడు చేతిరాతల్లో రాసి ఉంది. మూడోది నాది. మొదటి ఇద్దరి తప్పునూ సరిదిద్దానని చెప్పుకోవడానికి ఈ కేసు రాయడం లేదు. అసలు జబ్బు, కణంలో ప్రొటీన్ల బట్వాడా చూసే ఏపీ-4 అనే యంత్రం లోపించడం. దాదాపు రెండేళ్ళు నేనూ ఆ తప్పులోనే ఉన్నాను. జవాబు సగం దొరికిన కాగితం నా టేబుల్ మీదే ఎనిమిది నెలలు పడి ఉంది.

కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వయసులు కొంచెం అటూ ఇటూ జరిపాను. వేరియంట్ల (జన్యువుల్లో మార్పుల) కచ్చితమైన స్థానాలు ఇవ్వడం లేదు. ఇంత అరుదైన జబ్బులో పేరు దాచి వేరియంట్ రాస్తే చిరునామా రాసినట్టే.

నేపథ్యం

నెలలు నిండి, 39వ వారంలో పుట్టిన పాప. పుట్టగానే ఏడ్చింది, బరువు మామూలే, ప్రత్యేక సంరక్షణ అవసరం పడలేదు. తల్లిదండ్రులకు రక్తసంబంధం లేదు. ఇద్దరి కుటుంబాల్లోనూ ఇలాంటి పిల్లలు లేరు.

ఐదో నెలకి ఒళ్ళు మెత్తగా ఉందని తల్లి గమనించింది. మెడ ఏడో నెలకి నిలిచింది, కూర్చోవడం పద్నాలుగో నెలకి వచ్చింది. పదకొండో నెలలో జ్వరంతో మొదటి మూర్ఛ. పందొమ్మిదో నెలలో మళ్ళీ జ్వరం, ఒకే రోజు మూడు మూర్ఛలు. అప్పుడు లెవెటిరాసెటమ్ మొదలుపెట్టారు. రెండేళ్ళకు తల చుట్టుకొలత మూడో పర్సెంటైల్ కిందకు జారింది. పుట్టినప్పుడు అది మామూలుగానే ఉంది. మాటలు నాలుగో ఐదో. మనిషిని చూస్తే నవ్వు మాత్రం విరివిగా వచ్చేది.

రెండున్నరేళ్ళకు ఎంఆర్ఐ తీశారు. వెంట్రికిల్స్ (మెదడులో ద్రవం ఉండే గదులు) వెడల్పుగా ఉన్నాయనీ, వాటి చుట్టూ వైట్ మ్యాటర్ (నాడీతంతువుల భాగం) తగ్గిందనీ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో వచ్చే పెరివెంట్రిక్యులర్ ల్యూకోమలేసియాకు (ఆ వైట్ మ్యాటర్ గాయానికి) ఇది సరిపోతుందనీ రిపోర్టు. మూడేళ్ళకు పిక్కలు బిగుసుకోవడం మొదలైంది. ఫైలు మీద మొదటి చేతిరాత అప్పటిదే.

ఇప్పుడు తీరిగ్గా చదివితే ఇందులో మెలిక కనిపిస్తుంది. పాప నెలలు నిండి పుట్టింది. ఎంఆర్ఐ కోరిన కాగితం మీద ‘సెరిబ్రల్ పాల్సీ అనుమానం’ అని ఉంది కాబట్టి రేడియాలజిస్టు ఆ కళ్ళతో చూశారు. రిపోర్టులో ల్యూకోమలేసియా అని ఉంది కాబట్టి న్యూరాలజిస్టు సెరిబ్రల్ పాల్సీ ఖాయం చేశారు. రెండు అనుమానాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడితే, దూరం నుంచి చూసేవాళ్ళకు నిర్ధారణలా కనిపించింది.

నా దగ్గరకు వచ్చినప్పుడు

నాలుగేళ్ళప్పుడు మూర్ఛ మందు గురించి అడగడానికి వచ్చారు. మందు మొదలయ్యాక పాప చిరాగ్గా ఉంటోంది, చేతులు కొరుక్కుంటోంది. రెండేళ్ళు మూర్ఛ రాలేదు, ఈఈజీ బాగానే ఉంది. మెల్లగా తగ్గించి ఆపేశాం, చిరాకు పోయింది. ఆ రోజు నా దృష్టంతా మూర్ఛ మీదే. కాళ్ళ సంగతి పాత ఫైలులోంచి నా నోట్సులోకి ఎక్కించాను, అంతే.

ఐదేళ్ళు దాటాక అసలు ప్రశ్న వచ్చింది: “డాక్టరు గారూ, ఈ జబ్బు ముదరదని చెప్పారు కదా. మరి పోయినేడు చేసిన పనులు ఈ ఏడు చెయ్యలేకపోతోందేం?”

నా మొదటి జవాబు పుస్తకాల్లో ఉన్నదే. సెరిబ్రల్ పాల్సీలో మెదడు గాయం ముదరదు, కానీ పిల్లలు ఎదిగేకొద్దీ బరువు పెరుగుతుంది, కండరాలు పొట్టిబడతాయి, నడక దిగజారినట్టు కనిపిస్తుంది. ఈ మాటలో అబద్ధం లేదు. నడకలో సాయం కావలసిన పిల్లల్లో బాల్యం చివరి నుంచి కదలిక సామర్థ్యం కొంత తగ్గడం తెలిసిందే. అందుకే ఈ జవాబు ప్రమాదకరం. చాలామందికి సరిపోతుంది కనుక, సరిపోని పిల్ల ఎదురుగా ఉన్నా గుర్తుపట్టనివ్వదు.

చేసినవి, పనిచేయనివి

తల్లి ప్రశ్న నన్ను ఊరికే ఉండనివ్వలేదు. ముందుగా, వైద్యం ఉన్న జబ్బుల్ని పక్కన పెట్టేయాలనుకున్నాను. కాళ్ళ బిగుసుతో సెరిబ్రల్ పాల్సీని అనుకరించే ఆర్జినేజ్ లోపం కోసం ప్లాస్మా ఆర్జినిన్ చూశాను, మామూలుగా ఉంది. డోపాకు స్పందించే డిస్టోనియా (కండరాలు మెలిపడే జబ్బు) కోసం లెవోడోపా ఎనిమిది వారాలు ఇచ్చాం, తేడా లేదు. బయోటినిడేజ్, లాక్టేట్, అమైనో ఆమ్లాలు, క్రోమోజోమ్ మైక్రోఅర్రే అన్నీ ఖాళీ. ఈ దశలో నేను చేసిన క్రమాన్ని ఇప్పటికీ సమర్థించుకుంటాను. ఎక్కువ అవకాశం ఉన్న జబ్బు కన్నా, వదిలేస్తే ఎక్కువ నష్టం చేసే జబ్బును ముందు వెతకాలి.

బిగుసుకు నోటి ద్వారా బాక్లోఫెన్ ఇచ్చాం. కాళ్ళు కొంచెం సడలాయి, దానికి మించి నడుమూ మెడా వాలిపోయాయి. చొంగ ఎక్కువైంది. నిలబడడానికి ఆ కాస్త బిగుసే ఆసరా అని అప్పుడు అర్థమైంది. రెండు వారాల్లో అంచెలంచెలుగా తగ్గించి ఆపేశాం. (ఈ మందును ఒక్కసారిగా ఆపకూడదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.) పిక్కల్లో బొటులినమ్ ఇంజెక్షన్‌కు మొదటిసారి మడమ నేలకానింది, మూడు నెలలు నిలిచింది. రెండోసారి ఫలితం తక్కువ. మూడోసారి దాదాపు ఏమీ లేదు. డోసు చాలలేదేమో అనుకున్నాను. అప్పటికే బిగుసు పిక్కలు దాటి తొడలకూ తుంటికీ ఎక్కిందని నాకు తట్టలేదు.

ఎక్సోమ్ పరీక్షకు (జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే భాగాలను చదివే పరీక్ష) పాప రక్తం ఒక్కటే పంపాం, తల్లిదండ్రులవి పంపలేదు. రిపోర్టు మొదటి పేజీలో ‘లక్షణాలను వివరించే మార్పు కనపడలేదు’. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వరుస: ఏపీ4బీ1 జన్యువులో ఒక ఫ్రేమ్‌షిఫ్ట్ వేరియంట్ (జన్యువు చదివే వరుసను తప్పించే మార్పు), హెటెరోజైగస్ (రెండు కాపీల్లో ఒకదాంట్లోనే), వ్యాధి అంతర్గతంగా సంక్రమించేది (రెండు కాపీలూ చెడితేనే వచ్చేది) కాబట్టి వాహక స్థితి మాత్రమే. నేను మొదటి పేజీ చదివి ఫైలులో పెట్టాను. చివరి పేజీ చదివినా అప్పట్లో పెద్ద తేడా వచ్చేది కాదేమో. తల్లిదండ్రులు బంధువులు కారు కనుక అంతర్గత వ్యాధి అవకాశం తక్కువనీ, తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగా పుట్టిన, ఒక్క కాపీలో ఉన్నా జబ్బు తెచ్చే ప్రబల వేరియంటే ఉంటుందనీ నా మనసు అప్పటికే తీర్మానించుకుంది. బంధుత్వం ఉంటే రెండు కాపీల్లోనూ ఒకే వేరియంట్ దొరికే అవకాశం పెరుగుతుంది. అది లేనంత మాత్రాన చెరో వైపు నుంచి చెరో వేరియంట్ రాకూడదని ఎక్కడా లేదు.

ఈలోగా ఆర్థోపెడిక్ బృందం సెలెక్టివ్ డార్సల్ రైజాటమీకి పాప పేరు ప్రతిపాదించింది. వెన్నుపాములోకి వచ్చే సంవేదక నాడీమూలాల్లో కొన్నింటిని కోసి బిగుసు తగ్గించే శస్త్రచికిత్స అది. ముదరని స్పాస్టిక్ డైప్లీజియాలో, బాగా ఎంచుకున్న పిల్లలకు మేలు చేస్తుంది. కోసిన మూలాల్ని మళ్ళీ అతికించలేం. మూల్యాంకనానికి తేదీ కూడా పడింది.

ఫిజియోథెరపిస్టు వీడియో

ఆ మూల్యాంకనానికి కాగితాలు సిద్ధం చేస్తుంటే ఫిజియోథెరపిస్టు ఫోను తెచ్చి నా ముందు పెట్టారు. “సంతకం పెట్టే ముందు ఈ రెండూ చూడండి” అన్నారు.

మొదటి వీడియోలో పాపకు నాలుగేళ్ళు. కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని మూడు మెట్లు ఎక్కి, వెనక్కి తిరిగి నవ్వింది. రెండోదాంట్లో ఆరేళ్ళు, అవే మెట్లు. రెయిలింగ్ పట్టుకుంది గానీ, వేళ్ళు దాని చుట్టూ మూసుకోవడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. బొటనవేలు అరచేతిలోకి మడుచుకుని ఉంది. పాదం మొదటి మెట్టు అంచుకు రెండుసార్లు తగిలింది.

నేను కాళ్ళనే చూస్తున్నాను. ఆవిడ చేతిని చూపించారు.

మళ్ళీ పరీక్ష చేశాను. మడమల్లో, మోకాళ్ళలో మనం పట్టి కదిలిస్తే వచ్చే కదలిక పరిధి దాదాపు పూర్తిగా ఉంది. అంటే కండరాలు పొట్టిబడి నడక పోలేదు. మడమల్లో ఆగని క్లోనస్ (పాదం లయగా అదరడం). రెండేళ్ళ క్రితం మామూలుగా ఉన్న మోచేతి, మణికట్టు రిఫ్లెక్సులు ఇప్పుడు చురుగ్గా ఉన్నాయి. కదలిక సామర్థ్యాన్ని ఐదు స్థాయిల్లో కొలిచే జీఎంఎఫ్‌సీఎస్‌లో మూడో స్థాయి నుంచి నాలుగుకు దిగింది. ఎదుగుదల వల్ల వచ్చే దిగజారుడులో కీళ్ళు ముందు చెడతాయి. ఇక్కడ కీళ్ళు బాగున్నాయి, నాడీ సంకేతాలు కొత్తగా పుట్టి కింద నుంచి పైకి పాకుతున్నాయి. సెరిబ్రల్ పాల్సీ నిర్వచనంలో ఇది ఇమడదు.

శస్త్రచికిత్స మూల్యాంకనం వాయిదా వేయమన్నాను. ఎంఆర్ఐ ఫిల్ములు, పాత రిపోర్టు చూపించకుండా, వేరే న్యూరోరేడియాలజిస్టుకు ఇచ్చాను. ల్యూకోమలేసియాలో వెంట్రికిల్ గోడలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పక్కన గ్లయోసిస్ (గాయం మచ్చ) మెరుస్తుంది. ఇక్కడ గోడలు నునుపు, మెరుపు లేదు. మెదడు రెండు అర్ధభాగాల్ని కలిపే వంతెన, కార్పస్ కాలోసం మొత్తం సన్నగా ఉంది, వెనక భాగమైన స్ప్లీనియం మరీ దారంలా ఉంది. వెంట్రికిల్స్ వెనక కొమ్ములు ఉబ్బి ఉన్నాయి. “గాయం గుర్తులు నాకు కనపడలేదు, పుట్టుకతో సరిగా కట్టని వంతెనలా ఉంది” అన్నారు.

పసితనంలో మెత్తదనం, తర్వాత కాళ్ళ నుంచి పైకి పాకే బిగుసు, తల చిన్నబడడం, జ్వరంతో మూర్ఛలు, పలచని కార్పస్ కాలోసం, మాట రాకపోవడం, ఎప్పుడూ నవ్వు. ఈ వరుసను కాగితం మీద రాసుకుని ఎక్సోమ్ రిపోర్టు మళ్ళీ తీశాను. ఈసారి చివరి పేజీ నుంచి చదివాను.

ఏపీ-4 అనే బట్వాడాదారు

కణంలో తయారైన ప్రొటీన్లు గాల్జీ అనే కేంద్రానికి చేరి, అక్కడ వెసికిల్స్ అనే చిన్న చిన్న సంచుల్లో ప్యాక్ అయి, ఎక్కడికి చెందినవి అక్కడికి బయల్దేరతాయి. ఏ సరుకు ఏ వెసికిల్‌లోకి ఎక్కాలో చూసేవి అడాప్టర్ సంక్లిష్టాలు. వాటిలో ఏపీ-4ను 1999లో గుర్తించారు. నాలుగు ముక్కల యంత్రం ఇది: ఎప్సిలాన్, బీటా, మ్యూ, సిగ్మా. వాటి జన్యువులు ఏపీ4ఈ1, ఏపీ4బీ1, ఏపీ4ఎం1, ఏపీ4ఎస్1. ఒక ముక్క లేకపోతే మిగతా మూడూ నిలవవు. అందుకే ఎస్‌పీజీ (వంశపారంపర్య స్పాస్టిక్ పారాప్లీజియా) 47, 50, 51, 52 అని నాలుగు పేర్లున్నా, పిల్లల్ని పక్కపక్కన నిలబెడితే దాదాపు ఒకే జబ్బు.

మనుషుల్లో ఈ లోపం మొదట 2009లో ఏపీ4ఎం1లో బయటపడింది. కాళ్ళూ చేతులూ నాలుగూ బిగుసుకునే సెరిబ్రల్ పాల్సీ ఉందనుకున్న ఒక కుటుంబంలోనే అది దొరికింది. అంటే ఈ జబ్బు తొలిరోజు నుంచీ ఇదే ముసుగులో తిరుగుతోంది.

ఏపీ-4 ఎక్కించే సరుకుల్లో ముఖ్యమైనది ఏటీజీ9ఏ. కణంలో పాడైన సామగ్రిని చుట్టి పారేసే ఆటోఫాగోజోమ్ సంచులకు అది విత్తనం లాంటిది. ఏపీ-4 లేకపోతే ఏటీజీ9ఏ గాల్జీ గుమ్మంలోనే పోగుపడుతుంది. మిగతా కణాలు ఎలాగో నెట్టుకొస్తాయి. న్యూరాన్ సంగతి వేరు, దాని ఆటోఫాగోజోమ్‌లు ఎక్కువగా ఆక్సాన్ అనే పొడవాటి తీగ చివరన పుడతాయి. మెదడు నుంచి నడుము దాకా వెళ్ళే ఆక్సాన్ ఎంత పొడవో ఆలోచిస్తే, కాళ్ళు ముందెందుకు దెబ్బతింటాయో ఊహించవచ్చు. ఏపీ-4 లేని ఎలుకల మెదడులో ఆక్సాన్లు అక్కడక్కడా ఉబ్బి ఉంటాయి, కార్పస్ కాలోసం సన్నగా ఉంటుంది.

వెసికిల్ జన్యువులన్నీ ఇలాగే ప్రవర్తించవు. ఎస్‌టీఎక్స్‌బీపీ1నే తీసుకోండి. అది సినాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) దగ్గర, వెసికిల్ తన సరుకు విడుదల చేసే చివరి అంచెలో పనిచేస్తుంది. అక్కడ ఒక్క కాపీ పోతే చాలు, తొలి నెలల్లోనే తీవ్రమైన మూర్ఛలు రావచ్చు. ఆ జబ్బు చాలావరకు కొత్తగా పుట్టిన వేరియంట్‌తోనే వస్తుంది. ఏపీ-4లో రెండు కాపీలూ పోవాలి. ‘వెసికిల్ ట్రాఫికింగ్ జన్యువు’ అని రిపోర్టులో కనపడగానే బట్వాడా దారిలో ఏ మలుపు దగ్గర అని అడిగితే, వారసత్వం గురించీ లక్షణాల గురించీ సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

రెండో వేరియంట్ కోసం

ఒక వేరియంట్ మన చేతిలో ఉంది, ఒకటే ఉంది. ఇక్కడ రెండు తప్పులు చేయవచ్చు. అంతర్గత వ్యాధికి ఒక వేరియంట్ చాలదని కొట్టిపారేయడం ఒకటి, అది అప్పటికే చేశాను. లక్షణాలు ఇంత బాగా కుదిరాయి కదా అని ఆ ఒక్కదానితోనే నిర్ధారణ ప్రకటించడం రెండోది. ఈసారి అది చేసేలా ఉన్నాను. నా సహోద్యోగి, జన్యు సలహాదారు ఆపారు: “వాహకులకు కూడా వేరే జబ్బులు వస్తాయి.”

ముందు ముడి డేటా తెప్పించాం. స్క్రీన్ మీద ఏపీ4బీ1 తెరిచి ఒక్కో ఎక్సాన్ (జన్యువులోని ఒక ఖండం) మీద పేరుకున్న రీడ్స్ (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు) చూశాం. ఒక ఎక్సాన్ దగ్గర కుప్ప పక్కవాటిలో సగం ఎత్తే ఉంది. ప్రయోగశాల సాఫ్ట్‌వేర్ వరుసగా మూడు ఎక్సాన్లలో తగ్గితేనే డిలీషన్ (జన్యువులో ముక్క ఊడిపోవడం) అని పట్టుకునేలా పెట్టి ఉందట. ఒక్క ఎక్సాన్ అయితే జల్లెడలోంచి జారిపోతుంది. కాకపోతే ఎక్సోమ్‌లో ఒక ఎక్సాన్ మీద రీడ్స్ తగ్గడం మామూలు రొదే కావచ్చు. సూచన దొరికింది, రుజువు కాదు. తల్లిదండ్రుల పరీక్షలో ఫ్రేమ్‌షిఫ్ట్ తల్లి నుంచి వచ్చిందని తేలింది.

తర్వాత అడుగు మొత్తం డీఎన్ఏ చదివే జీనోమ్ పరీక్షా, చర్మకణాల పరీక్షా అని చాలాసేపు చర్చించుకున్నాం. జీనోమ్ చేస్తే డిలీషన్ అంచులు తెలుస్తాయి. కానీ ఏమీ దొరక్కపోతే మళ్ళీ మొదటికే వస్తాం. చర్మకణాలు నేరుగా అసలు ప్రశ్నకు జవాబిస్తాయి: ఈ పాపలో ఏపీ-4 పనిచేస్తోందా లేదా? వేరియంట్ ఎక్కడ దాక్కున్నా ఆ జవాబు మారదు. చర్మం ముందు అన్నాం. మూడు మిల్లీమీటర్ల పంచ్ బయాప్సీ తీసి, కణాలు పెంచి, ఈ పరీక్ష చేసే పరిశోధన ప్రయోగశాలకు పంపాం.

వాళ్ళు పంపిన చిత్రాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. తండ్రి కణాల్లో ఏటీజీ9ఏ ఆకుపచ్చ చుక్కలు కణమంతా చల్లినట్టు ఉన్నాయి. పాప కణాల్లో ఆ ఆకుపచ్చంతా కేంద్రకం పక్కన, గాల్జీ ఎరుపు మీద ముద్దగా కూర్చుంది. ప్రొటీన్ల పరిమాణం చూసే వెస్టర్న్ బ్లాట్‌లో ఏపీ-4 ఎప్సిలాన్ ముక్క దాదాపు లేదు, ఏటీజీ9ఏ మామూలు కన్నా ఎక్కువ. తర్వాత చేసిన జీనోమ్‌లో తండ్రి నుంచి వచ్చిన డిలీషన్ దొరికింది, మేం అనుమానించిన ఆ ఎక్సాన్ మీదే.

నిర్ధారణ తర్వాత మారినవి

ముందుగా శస్త్రచికిత్స. ముదిరే జబ్బులో, నడుము ఇంత బలహీనంగా ఉండగా, వెనక్కి తీసుకోలేని పని చేయడం సరికాదని ఆర్థోపెడిక్ బృందం కూడా ఒప్పుకుంది. బొటులినమ్ ఆపలేదు, లక్ష్యం మార్చాం. నడిపించడం కోసం పిక్కలకు కాకుండా, శుభ్రం చేసేటప్పుడు కాళ్ళు విడదీయడానికి వీలుగా తొడ లోపలి కండరాలకు, నొప్పి తగ్గేలా ఇస్తున్నాం. ఆ లక్ష్యంతో చూస్తే ఇంజెక్షన్ పనిచేస్తోంది. జ్వరం వస్తే ఏం చేయాలో రాసిన కాగితం ఇంట్లో, బడిలో ఉంది. తుంటి ఎక్స్‌రే ఆరు నెలలకోసారి.

నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మాట విషయం. ‘కాళ్ళు సరిపడితే తర్వాత మాట సంగతి’ అని ఏళ్ళ తరబడి వాయిదా వేశాం. ఈ జబ్బులో మాట చాలామందికి రాదని తెలిశాక ఆగడంలో అర్థం లేదు. ట్యాబ్లెట్ మీద బొమ్మలు నొక్కి చెప్పడం నేర్పారు. మొదట నాలుగు బొమ్మలు. మూడో వారంలో పాప తనంతట తాను ‘చాలు’ నొక్కిందట, ఫిజియోథెరపీ మధ్యలో.

తల్లిదండ్రులకు మళ్ళీ ఇలా రాదని లోగడ చెప్పి ఉన్నారు. సెరిబ్రల్ పాల్సీ అయితే ఆ మాట సబబే. ఇప్పుడు ప్రతి గర్భానికీ నాలుగో వంతు అవకాశం అని చెప్పాల్సి వచ్చింది. గర్భంలో పరీక్ష వీలవుతుందనీ వివరించాం. వాళ్ళు తీసుకున్న నిర్ణయం వాళ్ళది, ఇక్కడ రాయను.

జన్యు చికిత్స వార్త వాళ్ళే తెచ్చారు. 2022 మార్చిలో టొరంటోలో ఎస్‌పీజీ50 ఉన్న ఒక బాలుడికి, అతని కోసమే తయారైన ఏఏవీ9 చికిత్సను (మంచి జన్యువును వైరస్ వాహనంలో మోసుకెళ్ళేది) వెన్నుపాము ద్రవంలోకి ఇచ్చారు. అది ఏపీ4ఎం1 జన్యువుకు సంబంధించినది. మన పాపది ఏపీ4బీ1. జబ్బు ఒకేలా ఉన్నా అతికించాల్సిన ముక్క వేరు, ఆ మందు ఈ పాపకు పనికిరాదు. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, జబ్బు ఎలా నడుస్తుందో నమోదు చేసే సహజ చరిత్ర అధ్యయనంలో పేరు నమోదు చేయమన్నారు, చేశాం. 2020లో ప్రచురితమైన 156 మంది రోగుల వివరాలు లేకపోతే నేను ఈ పాప లక్షణాల వరుసను అంత నమ్మకంగా చదవగలిగేవాణ్ణి కాదు. ఈ పాప వివరాలు ఇంకెవరికో అలా ఉపయోగపడవచ్చు.

మా పద్ధతుల్లో నాలుగు మారాయి. పుట్టుక సమయంలో కారణం లేకుండా సెరిబ్రల్ పాల్సీ అని వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి సందర్శనలోనే నడక వీడియో తీసి, ఏడాదికోసారి పక్కన పెట్టి చూస్తున్నాం. ఎంఆర్ఐ రెండోసారి చదివేవారికి మొదటి రిపోర్టు ఇవ్వడం లేదు. ఎక్సోమ్ తల్లిదండ్రులతో కలిపే పంపుతున్నాం. లక్షణాలకు కుదిరే అంతర్గత జన్యువులో ఒక్క వేరియంటే కనిపిస్తే, ఆ జన్యువు మొత్తం రీడ్స్ లోతు మళ్ళీ చూడమని ప్రయోగశాలకు రాతపూర్వకంగా అడుగుతున్నాం. ప్రయోగశాల వాళ్ళకు ఇది కొంచెం విసుగు, ఆ సంగతి వాళ్ళే చెప్పారు.

పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. వాకర్‌తో బడి వరండాలో కొన్ని అడుగులు వేస్తుంది, మిగతా సమయం వీల్‌చెయిర్. మూర్ఛలు లేవు. ట్యాబ్లెట్‌లో బొమ్మలు నలభై దాటాయి, కానీ కుడిచేతి వేళ్ళ బిగుసు పెరుగుతోంది, గురి తప్పుతోంది. కంటి చూపుతో ఎంచుకునే పరికరం ఇప్పుడే అలవాటు చేయాలా, చేతికి బొటులినమ్ ప్రయత్నించి ఇంకో ఏడాది చూడాలా అన్నది వచ్చే నెల సమీక్షలో తేలాలి. ఫిజియోథెరపిస్టు మొదటిదే మేలంటున్నారు.